ఔట్‌ఫీల్డరుకు వారం వారం బిర్యానీ

నేను ఇంత ఆలస్యంగా రాయడానికి కారణం మరీ పెద్దదేమీ కాదు. చిన్నప్పుడు బడికి వెళ్ళాను. కాకపోతే చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్ళాను. అమ్మానాన్నలు పొగాకు ఏరి వేరుచేసే గ్రేడింగ్ పనికి పోయే రోజుల్లో వాడిని చూసుకునే పని నాది. తరగతిలో కూర్చున్నంతసేపూ వాడు బుద్ధిగానే ఉండేవాడు. పంతులుగారు బోర్డు మీద అక్షరం మొదలుపెట్టగానే ఏడుపు లంకించుకునేవాడు. "ముందు వాణ్ణి బయటికి తీసుకుపో" అనేవారు పంతులుగారు. వరండాలో వాణ్ణి ఊపి ఊపి, వాడు ఊరుకున్నాక లోపలికి వస్తే బోర్డు తుడిచేసి ఉండేది. మరుసటి ఏడు వాడికి నడక వచ్చింది. నాకు పొగాకు కట్టలు కట్టడం వచ్చింది. నా బడి అక్కడితో అయిపోయింది.

ఆ తమ్ముడే పెద్ద చదువులు చదివి కంప్యూటర్ల ఉద్యోగంలో సిడ్నీ చేరాడు. నా భర్త పోయాక నన్ను తన దగ్గరికి తీసుకెళ్ళాడు. పెండిల్ హిల్ స్టేషనుకు నడిచివెళ్ళేంత దూరంలో అద్దె ఇల్లు. మరదలు ఆసుపత్రిలో నర్సు. ఆదివారమైతే ఆమెకు తప్పకుండా డ్యూటీ పడేది. వంటిల్లు నాది.

సిడ్నీలో నాకు చదువు రాదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. అక్కడ తెలుగు చదవమని అడిగేవాళ్ళు లేరు. ఇంగ్లీషు చదవలేకపోతే ఆశ్చర్యపోయేవాళ్ళూ లేరు. ఒకరకంగా నేను సుఖంగానే ఉన్నాను.

అలా ఉండగా ఒక ఆదివారం మరదలి స్నేహితురాలి కూతురికి తోడుగా వెస్ట్‌మీడ్‌లోని ఒక హాలుకు వెళ్ళాను. అక్కడ పుట్టిన మన పిల్లలకు ఆదివారం పొద్దున తెలుగు నేర్పుతారు. నేను వెనక కూర్చున్నాను. టీచరమ్మ పిల్లలకు పలకలు పంచుతూ పంచుతూ నాకూ ఒకటి ఇచ్చింది. చూసుకోకుండా ఇచ్చిందో, చూసే ఇచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. నేను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

అప్పటినుంచి వారం వారం వెళ్ళాను. టీచరమ్మ బోర్డు మీద చూపించి "ఇదేమిటి?" అంటే పిల్లలు "ఇట్స్ కా, మిస్" అనేవారు. నేను "క" అనేదాన్ని. ఆ తరగతిలో తెలుగు తిన్నగా పలికేది నేనొక్కదాన్నే. రాయడంలో అందరికన్నా వెనకబడిందీ నేనే. అయినా ఆ చలికాలానికి గుణింతాల దాకా వచ్చాను. గుడి, గుడిదీర్ఘం, కొమ్ము... బస్సులో పోతుంటే కూడా వేలు తొడ మీద అదే తిరుగుతూ ఉండేది. తమ్ముడు నేను టీచరమ్మకు సాయంగా పిల్లలకు బిస్కెట్లు పంచడానికి వెళ్తున్నాననుకునేవాడు. అనుకోనీలే అని ఊరుకున్నాను.

ఇక బేస్‌బాల్ సంగతి.

రెండు వేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, ఆగకుండా చూడమని మావాళ్ళను దేశదేశాల నుంచి పిలిపించారు. జనవరి వచ్చింది. ఏదీ ఆగలేదు. ఏదీ ఆగకపోవడంతో చాలామంది ఉద్యోగాలు ఆగిపోయాయి. మా తమ్ముడి ఉద్యోగం మిగిలింది. వాడి ఆఫీసులో పెద్దాయన ఆస్ట్రేలియా మనిషి, బేస్‌బాల్ అంటే పడిచచ్చేవాడు. చలికాలం ఆదివారాల్లో ఆఫీసుల మధ్య పోటీలు జరిగేవి. ఆయన మావాళ్ళందరినీ పోగుచేసి ఒక జట్టు కట్టాడు. "క్రికెట్టే అక్కా, బ్యాటు గుండ్రంగా ఉంటది, అంతే" అన్నాడు తమ్ముడు. అంతే కాదని తర్వాత తేలింది.

ఈ జట్టుకు ఒక వీరాభిమాని ఉండేవారు. సిడ్నీలో చాలా ఏళ్ళుగా స్థిరపడిన డాక్టరుగారు. అందరికీ అంకుల్. ఒక్క బంతి కూడా ముట్టుకునేవారు కాదు. మడతకుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుని కూర్చుని అందరికీ సలహాలు చెప్పేవారు. ఇంట్లో టీవీలో అమెరికా బేస్‌బాల్ చూసి, అక్కడ ఏ జట్టు ఎవరిని ఎంతకు కొన్నదో మావాళ్ళకు పాఠం చెప్పేవారు. 'ఫ్రీ ఏజెంట్' అన్న మాట మా ఇంట్లోకి తెచ్చింది ఆయనే. పాత జట్టుతో ఒప్పందం తీరిపోయి, పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళగలిగే ఆటగాణ్ణి అలా అంటారట. మా వైపు పొగాకు కాల్చే ఒక బేరన్‌లో పని వదిలి ఇంకో బేరన్ వాళ్ళు పిలిస్తే వెళ్ళే మేస్త్రీలాంటివాడు అనుకున్నాను.

అలాంటివాడు ఒకడు దొరికాడు. హైదరాబాద్ అబ్బాయి. అతని కంపెనీ మూతపడి జట్టు చెదిరిపోయింది. ఇంకో చోట పని దొరికింది గాని ఆడటానికి జట్టు లేదు. ఔట్‌ఫీల్డులో, అంటే బ్యాటుకు దూరంగా గడ్డిలో నిలబడి ఎత్తుగా వచ్చిన బంతులు పట్టేవాడు. మా జట్టులో ఆ చోట నిలబడ్డవాళ్ళందరూ అప్పటిదాకా బంతి ఎటు వస్తే దానికి ఎదురుగా కాక పక్కకు పరిగెత్తేవాళ్ళు. తమ్ముడు అతన్ని పట్టుకొచ్చాడు.

ఆ సాయంత్రం మా ముందుగదిలో డాక్టరుగారు, తమ్ముడు, బంతి విసిరే వరంగల్ అబ్బాయి కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్ళేసరికి వాదన ముదిరింది.

"ఓవర్‌పే చేశావయ్యా" అంటున్నారు డాక్టరుగారు. "మార్కెట్ చూడకుండా ఆఫర్ ఇచ్చేశావు. ఔట్‌ఫీల్డరుకు ఇంత ప్యాకేజీ ఎవరిస్తారు?"

"బ్యాంకు టీమోళ్ళు వెంటపడ్డారు అంకుల్. నా కళ్ళతో చూశా. స్టేషన్ దగ్గర వాణ్ణి ఆపి షూస్ గురించి మాట్లాడుతున్నారు. స్పైక్ షూస్ ఇస్తామంటన్నారు. నేను రెయిజ్ చెయ్యకపోతే పోయేవాడు."

"గందుకని గింతనా అన్నా?" అన్నాడు వరంగల్ అబ్బాయి. "నేను బాల్ వెయ్యంగ వెయ్యంగ భుజం ఊసిపోతాంది. నాకేమో ఇంట్ల మిగిలిన పులిహోర. ఆయన గడ్డిల నిలబడి మబ్బులు చూసుకుంటడు. ఆయనకేమో వారం వారం మటన్ బిర్యానీ!"

ట్రే చేతిలో పట్టుకుని ఆగిపోయాను.

"ఏం బిర్యానీ?" అన్నాను.

"అదే అక్కా" అన్నాడు తమ్ముడు కప్పు అందుకుంటూ. "ప్రతి ఆదివారం మ్యాచ్ అయిపోగానే వేడివేడిగా గ్రౌండులో. ఇంటికి ఒక డబ్బా. సీజన్ అయ్యేదాకా. మటన్ నేను ఆబర్న్ హలాల్ షాపు నుంచి తెస్తాలే, నీకు శ్రమ లేదు."

"చూడు చెల్లెమ్మా, నువ్వే చెప్పు" అన్నారు డాక్టరుగారు. నేను చెప్పేలోపే తమ్ముడి వైపు తిరిగి, "డబ్బా కూడా ఇచ్చావా! అది లాంగ్ టర్మ్ కాంట్రాక్టులో కూడా ఉండదయ్యా!" అన్నారు.

ఆ తర్వాత వాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. ఎన్ని క్యాచ్‌లు పడితే బిర్యానీ గిట్టుబాటవుతుంది, దెబ్బ తగిలి ఆడకపోతే పెట్టాలా వద్దా, వానపడి మ్యాచ్ రద్దయితే ఏమిటి? అన్నీ వచ్చాయి. అది ఎవరు వండుతారన్నది మాత్రం రాలేదు. మధ్యాహ్నానికి గ్రౌండులో వేడి బిర్యానీ ఉండాలంటే పొద్దున్నే మాంసం నానాలి, ఉల్లిపాయలు వేగాలి, దమ్ము పడాలి. నా బడి కూడా పొద్దున్నే.

బడి ఉందంటే ఎవరి బడి అంటారు. నా బడి అనాలి. తలలో వెంట్రుకలు నెరుస్తుండగా గుడిదీర్ఘం నేర్చుకుంటున్నానని డాక్టరుగారి ముందు ఎలా అనను? టీ కప్పులు తీసుకుని లోపలికి వచ్చేశాను. 'ఎక్కువిచ్చారు' అనే పక్షం గెలవాలని మాత్రం గట్టిగా కోరుకున్నాను. ఆ విధంగా నేను కూడా బేస్‌బాల్ అభిమానినయ్యాను.

మొదటి ఆదివారం బడి మానేసి గిన్నెతో గ్రౌండుకు వెళ్ళాను. చలిగాలి చెవుల్లోకి కొడుతోంది. డాక్టరుగారి పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఆట ఏమీ అర్థం కాలేదు. నాకు కావలసింది ఒక్కటే: ఆ హైదరాబాద్ అబ్బాయి బంతి జారవిడవాలి. ఒకటి రెండు జారవిడిస్తే చాలు, వరంగల్ అబ్బాయి మిగతా పని చూసుకుంటాడు.

అతను జారవిడవలేదు. బంతి ఆకాశంలో ఎక్కడో ఉండగానే ఇతను తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి, అది పడబోయే చోట నిలబడేవాడు. పిలిచినట్టు వచ్చి గ్లవ్‌లో పడేది. మావాళ్ళు కేకలు. డాక్టరుగారు నా వైపు తిరిగి, "అండర్‌పే చేశాం చెల్లెమ్మా. ఇతనికి రైతా కూడా పెట్టాలి" అన్నారు.

తర్వాతి ఆదివారం రైతా కూడా వచ్చి చేరింది.

ఆ వారం మధ్యలో కూరగాయల కొట్లో మరదలి స్నేహితురాలి కూతురు కనబడింది. "ఆంటీ, వై ఆర్ యూ నాట్ కమింగ్? వుయ్ ఫినిష్డ్ గుణింతం" అంది. వాళ్ళు ఒత్తుల్లోకి వెళ్ళిపోయారట. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని అక్కడే కాసేపు నిలబడ్డాను. నేను బయట వరండాలో ఉండగా లోపల బోర్డు మళ్ళీ తుడిచేస్తున్నారు.

మూడో ఆదివారం వచ్చింది. ఆట చివరికొచ్చింది. మావాళ్ళదే పైచేయి, కాని కొంచెమే. పరుగు మధ్యలో ఆగే మూడు బేసుల మీదా ఎదుటి జట్టు వాళ్ళు పరుగుకు సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గెలుపు. బ్యాటు తగిలి బంతి నేరుగా ఔట్‌ఫీల్డులోకి వెళ్ళింది. హైదరాబాద్ అబ్బాయి పరిగెత్తాడు. ఈసారి అందలేదు. బంతి గడ్డిలో ఒకసారి పడి లేచింది. అతను గాలిలోకి దూకి, గ్లవ్ లేని ఒట్టి చేత్తో, ఒంటి చేత్తో దాన్ని పట్టేశాడు. పట్టి చెయ్యి పైకెత్తి "అవుట్!" అని అరిచాడు.

సందుల్లో క్రికెట్ ఆడి పెరిగిన ప్రతివాడికీ ఈ నియమం తెలుసు. వన్ టిప్, వన్ హ్యాండ్. బంతి ఒకసారి నేల తాకినా సరే, ఒంటి చేత్తో పడితే అవుటే. మా తమ్ముడు ఊళ్ళో ఆడేటప్పుడు నేను వంద గొడవలు విన్నాను దీని మీద. మావాళ్ళందరికీ అది నరాల్లో ఉన్నట్టుంది. వరంగల్ అబ్బాయి చేతులు చాపుకుని ఔట్‌ఫీల్డులోకి పరిగెత్తాడు. తమ్ముడు వెళ్ళి అతన్ని ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. డాక్టరుగారు ఇన్నేళ్ళ టీవీ చదువు మరిచిపోయి, "అవుట్! క్లీన్ అవుట్!" అని కుర్చీలోంచి లేచి, ఫ్లాస్కు తన్నేశారు. నేనూ అవుటే అనుకున్నాను. ఇక నా పని అయిపోయిందనుకుని కూలబడ్డాను.

అక్కడ అవతలివాళ్ళు ఒకరి వెనక ఒకరు నింపాదిగా బేసులన్నీ చుట్టి, బ్యాటు పట్టిన చోటికి చేరి పరుగులు కూడగడుతున్నారు. ఆస్ట్రేలియా పెద్దాయన ఒక్కడే గ్రౌండు మధ్యలో నిలబడి, "త్రో ద బాల్! త్రో ద బ్లడీ బాల్!" అని అరుస్తున్నాడు. మావాళ్ళు ఆయన కూడా సంతోషంతో అరుస్తున్నాడనుకుని చేతులూపారు.

బేస్‌బాల్‌లో ఆ సందు నియమం లేదట. ఓడిపోయారు. బిర్యానీ సగం గిన్నెలోనే మిగిలింది. నాకొక్కదానికే ఆ రోజు అన్నం సహించింది.

మళ్ళీ శనివారం సాయంత్రం అందరూ మా ముందుగదిలో చేరారు. ఈసారి ఔట్‌ఫీల్డరు కూడా వచ్చాడు. వంచిన తల ఎత్తకుండా సోఫా అంచున కూర్చున్నాడు. ఆ రోజు మరదలు కూడా ఇంట్లోనే ఉంది.

"నేను మొదటినుంచీ చెప్తాన" అన్నాడు వరంగల్ అబ్బాయి. "ఈయనకు గుడ్డు బిర్యానీ చాలు."

"నువ్వే కదరా ముందు పోయి వాటేసుకుంది!" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఎత్తుకోలేదా అన్నా?"

"ఆగండాగండి" అన్నారు డాక్టరుగారు. "ఇన్సెంటివ్ పెడదాం. నేల తాకకుండా పట్టినవాటికే మటన్. నేల తాకినవాటికి వెజ్."

"మాట ఇచ్చాను అంకుల్. మాటంటే మాటే. సీజన్ అయ్యేదాకా మా అక్క మటనే వండుతుంది. ఏం అక్కా?"

అందరూ నా వైపు చూశారు. ఇన్ని వారాల్లో నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. అదైనా తలూపించడానికి అడిగినదే. నేను తలూపలేదు.

"రేపు నేను వండను. నాకు బడుంది" అన్నాను.

"బిస్కెట్లు వేరేవాళ్ళు పంచుతార్లే అక్కా" అన్నాడు తమ్ముడు.

"బిస్కెట్లు కాదురా. నేను నేర్చుకుంటన్నా. అక్షరాలు. మిగతా పిల్లలంతా ఒత్తుల్లోకి వెళ్ళిపోయారు, నేనింకా గుణింతంలోనే ఉన్నా. మీ ఔట్‌ఫీల్డరు ఖరీదు ఎక్కువో తక్కువో నాకు తెలవదు. అది నేను కట్టలేను."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. తమ్ముడి మొహం చిన్నప్పుడు ఏడుపుకు ముందు ఎలా అయ్యేదో అలా అయింది.

"చెప్పొచ్చు కదక్కా!" అన్నాడు.

"నువ్వు అడిగితే కదా చెప్పడానికి!" అంది మరదలు నాకన్నా ముందు. "ఆదివారం నేను డ్యూటీకి పోయేటప్పుడు వదిన ఉల్లిపాయలు తరుగుతా ఉంటది. మీ అక్క ఆటగాళ్ళ మెస్సు నడపటానికి వచ్చిందా ఇక్కడికి?"

అప్పుడు ఔట్‌ఫీల్డరు తలెత్తాడు. అక్క అనడానికి అతను ఆపా అంటాడు. "ఆపా, అల్లా కసమ్, నేను బిర్యానీ అడగలేదు."

"ఏంది?" అన్నాడు తమ్ముడు.

"నేను అడిగింది ఒక్కటే భాయ్, స్టేషన్ నుంచి గ్రౌండుకు లిఫ్ట్. బిర్యానీ మీరే అన్నరు. 'మా అక్కకు పదిమందికి వండి పెట్టకపోతే నిద్ర పట్టదు' అన్నరు. నేను వద్దంటే ఆపా బాధపడతరని ఊకున్న."

డాక్టరుగారు ముందుకు వంగారు. "మరి బ్యాంకువాళ్ళ ఆఫర్? స్పైక్ షూస్?"

"ఆఫర్ ఎక్కడిది అంకుల్? పోయిన సీజన్ల వాళ్ళ దగ్గర షూస్ తీసుకున్న. అవి వాపస్ ఇయ్యమని అడిగిన్రు."

డాక్టరుగారు వెనక్కి వాలి పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చింది. "ఒరేయ్, వేలంలో ఇంకెవరూ లేరురా! నీమీద నువ్వే పాడుకున్నావు! నా జీవితంలో ఇట్లాంటి ఓవర్‌పే చూడలేదు!" వరంగల్ అబ్బాయి కార్పెట్ మీద పడి దొర్లాడు. తమ్ముడు ఎర్రబడి, చివరికి వాడూ నవ్వాడు.

"ఇంకొక మాట ఆపా" అన్నాడు ఔట్‌ఫీల్డరు, నవ్వులు సద్దుమణిగాక. "ఏమనుకోవద్దు. మీరు చేసేది చాలా బాగుంటది. కాని మా ఇంట్ల దాన్ని పలావ్ అంటరు. రేపు నేనే పొద్దున్నే వచ్చి వండుత. వీళ్ళు ఉల్లిగడ్డలు కోస్తరు. మీరు బడికి పొండి."

"క్యాచ్‌లు పట్టేదీ అతనే, వండేదీ అతనే" అన్నారు డాక్టరుగారు ఆలోచనలో పడి. "అయితే ఇప్పుడు మనం అతనికి ఏమిస్తున్నట్టు?"

"లిఫ్ట్" అన్నాడు వరంగల్ అబ్బాయి.

దానిమీద మళ్ళీ వాదన మొదలైంది. లిఫ్ట్ ఎక్కువా తక్కువా అని. నేను లేచి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆటగాళ్ళు ముగ్గురూ మా వంటింట్లో ఉన్నారు. ఉల్లిపాయల ఘాటుకు తమ్ముడు, వరంగల్ అబ్బాయి ముక్కులు చీదుతున్నారు. నేను స్వెటర్ వేసుకుని బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే లోపలినుంచి "అక్కా, పెద్ద మూత యాడుంది?" అని తమ్ముడి కేక. "వెతుక్కో" అని తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాను. రైలెక్కి వెస్ట్‌మీడ్‌లో దిగాను. హాలు ఇంకా తెరవలేదు. టీచరమ్మ వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను. ఆమె తాళం తీస్తుంటే, "నేను వెనకబడ్డాను, ఒత్తులు మొదటినుంచి చెప్పండి" అన్నాను. పిల్లలంతా వచ్చాక ఆమె బోర్డు మీద క కింద క ఒత్తు రాసి, వచ్చి ఇలాగే రాయమని సుద్దముక్క నా వైపు చాచింది. లేచి వెళ్ళి రాశాను.